కకూన్‌లో పుస్తకాల జాబితా: పదకొండో ట్యాబ్ దగ్గర తంటా

పది ట్యాబులు తెరిచినంతవరకు అంతా సాఫీగా ఉంది. పదకొండోది తెరవగానే బ్రౌజరులో చక్రం తిరుగుతూ ఉండిపోయింది. ఎర్రర్ లేదు, లాగ్‌లో ఒక్క ముక్క లేదు, ప్రాసెసర్ మీద భారమూ లేదు. ప్రోగ్రాం పేలిపోతే నాకు బాధ ఉండదు, కనీసం స్టాక్ ట్రేస్ అయినా చేతికి వస్తుంది. ఇలా మౌనవ్రతం పట్టిన ప్రోగ్రాంతోనే ఒళ్లు మండుతుంది.

కొత్తగా చదువుతున్నవారికి రెండు మాటలు. నా పుస్తకాల జాబితా, ఏ పుస్తకం ఎవరి దగ్గర ఉందన్న లెక్క, ఈ రెండింటినీ కలిపి కకూన్ 2.1 మీద సరదాకు కడుతున్నాను. కకూన్ అంటే అపాచీ వారి జావా వెబ్ ఫ్రేమ్‌వర్క్. ఆ 2.1 శాఖ 2003లో వచ్చింది. ఇంత పాతదాన్ని ఇప్పుడెందుకు పట్టుకున్నావని అడిగేవారికి నా జవాబు ఒక్కటే: ఫ్లోస్క్రిప్టు, అంటే పేజీల వరుసను జావాస్క్రిప్టు ఫంక్షన్‌గా రాసే పద్ధతి. ఫంక్షన్ మధ్యలో పేజీ పంపి అక్కడే నిద్రపోవచ్చు. వాడుకరి బటన్ నొక్కాక ఆ తర్వాతి వరుస నుంచే లేవవచ్చు. ఆగిన చోటును వేరియబుళ్లతో సహా దాచి ఉంచే ఆ కంటిన్యుయేషన్ ఆలోచన నాకు ఇప్పటికీ ముచ్చటగానే ఉంది. ఇప్పుడు నా ప్రాణం తీస్తున్నదీ అదే.

ఈ విడతలో కుదిరినవి ముందు చెప్పేస్తాను. రచయిత పేరుతో వెతకడం పనిచేస్తోంది. విభాగాల పేజీ బాగుంది. జావా కాంపొనెంట్లను కాన్ఫిగరేషన్‌లో నమోదు చేసి, స్క్రిప్టులో గెట్‌కాంపొనెంట్‌తో పిలవడంలో ఇబ్బంది లేదు. ఇక అసలు గొడవకు వస్తాను.

పుస్తకాన్ని ఎరువిచ్చే పేజీలో స్క్రిప్టు నేరుగా డేటాసోర్స్ కాంపొనెంట్‌ను అడిగి డేటాబేస్ కనెక్షన్ తీసుకుంటుంది, పుస్తకాల వరుసలు చదువుతుంది, సెండ్‌పేజ్‌అండ్‌వెయిట్‌తో ఫారం చూపించి నిద్రపోతుంది. ఫారం తిరిగి వచ్చాక అదే కనెక్షన్ మీద రాసి, చివర్లో మూసేస్తుంది. ఆ కనెక్షన్లను అందరికీ పంచే నిల్వ, అంటే పూల్, గరిష్ఠ పరిమితి 10. పదకొండో ట్యాబ్ దగ్గర ఆగిందంటే అనుమానం పూల్ మీదికి వెళ్లాలి కదా. కానీ పరీక్ష కోసం సర్వర్ థ్రెడ్ల (రిక్వెస్టులను నడిపే పనివారి) సంఖ్యను కూడా నేను తక్కువగానే పెట్టాను, కాబట్టి ముందు దాన్నే అనుమానించాను. ఏ థ్రెడ్ ఏం చేస్తోందో చూపే థ్రెడ్ డంప్ తీస్తే విషయం తేలింది. వేచి ఉన్నది ఒక్క థ్రెడ్డే, అదీ కనెక్షన్ కోసమే. మిగతా పది ట్యాబులకు చెందిన థ్రెడ్లు ఏవీ పనిలో లేవు, అన్నీ ఖాళీగా తిరిగి వెళ్లిపోయాయి. అంటే కనెక్షన్లు పట్టుకున్నవారు ఎక్కడా కనిపించరు, కనెక్షన్లు మాత్రం లేవు.

వాటిని పట్టుకున్నవి నిద్రపోతున్న ఫంక్షన్లు. థ్రెడ్ వెళ్లిపోయినా స్థానిక వేరియబుల్ కంటిన్యుయేషన్‌లో భద్రంగా ఉంటుంది, అందులో కనెక్షన్ కూడా భద్రంగా ఉంటుంది. మామూలు సర్వ్‌లెట్ రాసేవారికి ఈ బాధ తెలియదు. అక్కడ రిక్వెస్టు ముగిస్తే ఫంక్షన్ కూడా ముగుస్తుంది. ఇక్కడ రిక్వెస్టు ముగుస్తుంది, ఫంక్షన్ ముగియదు.

కొలవకుండా మందు వేయకూడదని కనెక్షన్ తీసుకునే చోట ఒకటి, మూసే చోట ఒకటి కౌంటర్లు పెట్టి లాగ్‌కు రాయించాను. పూల్ దగ్గర వేచి ఉండే గడువును 5,000 మిల్లీసెకన్లు చేశాను. ఇకనుంచి మౌనం బదులు మినహాయింపు (ఎక్సెప్షన్) వస్తుంది. నాలుగు ఫారాలు నింపి పంపి, మిగతావాటిని మధ్యలో వదిలేసి చూశాను. తీసుకున్నవి 14, తిరిగి ఇచ్చినవి 4. ఆ తర్వాతి ట్యాబ్ సరిగ్గా 5 సెకన్లకు ఎర్రర్ పేజీ చూపింది. ఆ ఎర్రర్ చూసి ఇంత ఆనందపడతానని అనుకోలేదు.

మొదటి ఊహ: వదిలేసిన కంటిన్యుయేషన్లు గడువు తీరాక పోతాయి, వాటితో పాటు కనెక్షన్లూ తిరిగి వస్తాయి. కాన్ఫిగరేషన్‌లో ఆయుష్షు 36,00,000 మిల్లీసెకన్లు, అంటే గంట ఉంది. గడువు తీరినవాటిని ఏరే తనిఖీ 1,80,000 మిల్లీసెకన్లకు ఒకసారి. ఆయుష్షును 60,000కు, తనిఖీని 10,000కు దించాను. పాత ట్యాబులో బటన్ నొక్కితే కంటిన్యుయేషన్ చెల్లదని వచ్చింది, కాబట్టి ఏరివేత జరుగుతూనే ఉంది. కౌంటర్లు మాత్రం 14, 4 దగ్గర నుంచి కదలలేదు. ఆలోచిస్తే న్యాయమే. గడువు తీరినప్పుడు జరిగేది దాచి ఉంచిన ఆ ఫంక్షన్ చట్రం మీద పట్టు వదలడం వరకే. మెమరీని చెత్త ఏరేవాడు తీసుకుపోతాడు గానీ, కనెక్షన్‌ను మూసే వరుసను ఎవరూ నడపరు. ఆయుష్షు తగ్గిస్తే చాలని సలహా ఇచ్చేవారు మెమరీ సమస్యకూ పూల్ సమస్యకూ తేడా చూడడం లేదని నా అభిప్రాయం.

రెండో ఊహ: ట్రై, ఫైనల్లీ, అంటే తప్పు వచ్చినా రాకున్నా చివర్లో నడిచే వరుసలు. జావా అలవాటు కొద్దీ అందరి చేయీ అటే పోతుంది. ఫంక్షన్ ముగిసేటప్పుడు ఫైనల్లీ నడుస్తుంది, బాగానే ఉంది. ట్యాబ్ మూసేసిన మనిషి ఫంక్షన్ ఎప్పటికీ ముగియదు. కౌంటర్లలో మార్పు లేదు.

మూడో ఊహ: నిద్రకు ముందే, అంటే సెండ్‌పేజ్‌అండ్‌వెయిట్ పైవరుసలోనే మూసేయడం. లెక్కలు వెంటనే సరిపోయాయి, పేజీ పోయింది. కారణం నా జాబితా వస్తువు సోమరిది. జేఎక్స్ టెంప్లేట్ (డేటాను పేజీలో నింపే అచ్చు) ఒక్కో వరుస అడుగుతుంటే అది అప్పటికప్పుడు రిజల్ట్‌సెట్ (కనెక్షన్ తెరిచి ఉన్నంతసేపే చదవగల డేటాబేస్ ఫలితం) నుంచి తీసి ఇస్తుంది. టెంప్లేట్ నడిచేది సెండ్‌పేజ్ లోపల. అప్పటికి కనెక్షన్ మూసి ఉంది. పట్టిక రావలసిన చోట ఎర్రర్ పేజీ వచ్చింది.

ముందు మూస్తే పేజీ రాదు, తర్వాత మూద్దామంటే ఆ తర్వాత అనేది వస్తుందన్న నమ్మకం లేదు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి.

దారి ఆ పిలుపులోనే ఉంది. సెండ్‌పేజ్‌అండ్‌వెయిట్‌కు మొదటి ఆర్గ్యుమెంట్ పేజీ చిరునామా, రెండోది డేటా అని అందరికీ తెలుసు. మూడోది ఒక ఫంక్షన్. పేజీని తయారుచేసే దశల వరుస, అంటే పైప్‌లైన్, పని పూర్తయ్యాక, స్క్రిప్టు నిద్రపోకముందు దాన్ని నడుపుతుంది. పేజీకి కావలసినవి, నిద్రలోకి వెంట రాకూడనివి ఏవైనా ఉంటే వాటిని వదిలించుకోవడానికే ఆ స్థానం. నేను అందులో మూడు పనులు పెట్టాను: కనెక్షన్ మూయడం, డేటాసోర్స్ కాంపొనెంట్‌ను రిలీజ్‌కాంపొనెంట్‌తో తిరిగి ఇవ్వడం, రెండు వేరియబుళ్లను నల్ (ఖాళీ) చేయడం. మూడోదాన్ని వదిలేయకండి. మూసేసిన కనెక్షన్‌ను వేరియబుల్‌లో ఉంచితే, లేచిన తర్వాత ఎవరో ఒకరు దాన్ని వాడతారు.

40 పేజీలు తెరిచి వదిలేశాను. తీసుకున్నవి 40, ఇచ్చినవి 40.

అక్కడితో ఆగితే బాగుండేది గానీ, టెంప్లేట్‌లో కావాలని ఒక తప్పు పెట్టి చూశాను. మళ్లీ లీకు. పైప్‌లైన్ మధ్యలో మినహాయింపు విసిరితే మూడో ఆర్గ్యుమెంట్ దాకా రాదు. కాబట్టి పిలుపు చుట్టూ ట్రై, క్యాచ్ తప్పలేదు. క్యాచ్‌లో అదే ఫంక్షన్‌ను పిలిచి, మినహాయింపును మళ్లీ పైకి విసరాలి. ఫంక్షన్ రెండుసార్లు నడిచే అవకాశం ఉంది కాబట్టి దాని మొదట్లో నల్ పరీక్ష ఉండాలి. పూల్‌లోని కాంపొనెంట్‌ను రెండుసార్లు తిరిగి ఇవ్వడం ఒకసారీ ఇవ్వకపోవడం కన్నా ప్రమాదకరం. ఒకే వస్తువు ఇద్దరి చేతికి వెళ్లిందంటే ఆ తప్పును పట్టుకోవడం కొరకరాని కొయ్యే.

ఈ కకూన్ వెంట వచ్చే జావాస్క్రిప్టు ఇంజిన్ రైనోలో మరో పద్ధతి ఉంది: క్యాచ్ బ్రేక్, క్యాచ్ కంటిన్యూ. స్క్రిప్టు నిద్రపోయేటప్పుడు మొదటిది, లేచేటప్పుడు రెండోది నడుస్తాయి. మొదటిదాంట్లో కనెక్షన్ మూసి, రెండోదాంట్లో కొత్తది తెచ్చుకోవచ్చు. చూడడానికి సొగసుగానే ఉంది. నాకు నచ్చలేదు. అది జావాస్క్రిప్టులో లేని వాక్యం, మామూలు రైనోకు తెలియదు, ఎడిటర్ ఫైలంతా ఎర్రగీతలు గీస్తుంది. పైగా కనెక్షన్ ఎక్కడ పుట్టి ఎక్కడ చస్తోందో చదివేవారికి కనిపించదు. మూడో ఆర్గ్యుమెంట్ మోటుగా ఉన్నా కళ్లముందు ఉంటుంది.

వెనక్కి బటన్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఒకే కంటిన్యుయేషన్ నుంచి రెండుసార్లు లేవవచ్చు, ఈ పద్ధతి గొప్పతనమే అది. కానీ స్థితి ఉన్న కాంపొనెంట్‌ను నిద్రలోకి తీసుకెళ్తే, ఆ రెండు మెలకువలూ ఒకే వస్తువు మీద చెయ్యి వేస్తాయి. అందుకే నిద్రలోకి పుస్తకం సంఖ్య ఒక్కటే తీసుకెళ్తున్నాను. లేచాక కాంపొనెంట్‌ను మళ్లీ అడగడం, పుస్తకాన్ని మళ్లీ చదవడం, ఈలోగా అది ఇంకొకరికి వెళ్లలేదు కదా అని చూసి రాయడం.

చిన్న విసుగు ఒకటి. కాంపొనెంట్ ఇచ్చే జావా స్ట్రింగు స్క్రిప్టులోకి జావా వస్తువుగానే వస్తుంది. రెండు సమాన చిహ్నాలతో పోలిస్తే కుదురుతుంది, మూడింటితో కుదరదు, స్విచ్‌లో ఏ కేసుకూ తగలదు. ముందు ఖాళీ స్ట్రింగు కలిపితే సరిపోతుంది. పుస్తకం స్థితి "ఉంది" అయినా ప్రతిసారీ డిఫాల్ట్ కేసులోకి పోతుంటే కారణం ఇదే.

ఇంత చేశాక నాకు స్థిరపడిన అభిప్రాయం: స్క్రిప్టు చేతికి కనెక్షన్ అసలు ఇవ్వకూడదు. జావాలో ఒక పలుచని కాంపొనెంట్ రాస్తున్నాను. దానికి థ్రెడ్‌సేఫ్ ఇంటర్‌ఫేస్ తగిలిస్తే కాంపొనెంట్లను పుట్టించి ఇచ్చే కంటైనర్ ఒకే వస్తువును అందరికీ ఇస్తుంది, పూల్ గొడవ ఉండదు. దాని ప్రతి మెథడ్ కనెక్షన్‌ను తానే తీసుకుని, తన ఫైనల్లీలోనే మూసి, నింపిన మామూలు జాబితాను తిరిగి ఇస్తుంది. జావా మెథడ్ మధ్యలో నిద్రపోదు కాబట్టి అక్కడ ఫైనల్లీని నమ్మవచ్చు. సోమరి జాబితా పోతుంది, పేజీకి 25 వరుసలకు అది పెద్ద నష్టం కాదు. అయితే ఆ జాబితా స్థానిక వేరియబుల్‌లో ఉంటే కంటిన్యుయేషన్‌తో పాటు గంటసేపు మెమరీలో కూర్చుంటుంది. మూడో ఆర్గ్యుమెంట్‌లో దాన్నీ నల్ చేయాలి. వెతుకులాట మెథడ్ మార్చేశాను, ఎరువిచ్చేది సగంలో ఉంది.

తర్వాత కకూన్‌లో ఫారాల కోసం ఉన్న సీఫారమ్స్. షోఫారం తప్పులున్న ఫారాన్ని సరైన జవాబు వచ్చేదాకా మళ్లీ మళ్లీ చూపిస్తుంది, కాబట్టి దానికి ఇచ్చే శుభ్రం చేసే ఫంక్షన్ కూడా ప్రతి ప్రదర్శనకూ నడవవచ్చని లెక్క వేసుకుని, నల్ పరీక్షతోనే మొదలుపెడతాను. అది కుదిరాక 2008లో వచ్చిన 2.2కు మారాలని ఉంది. అక్కడ కంటైనర్ స్ప్రింగ్ అనే జావా ఫ్రేమ్‌వర్క్, గెట్‌కాంపొనెంట్‌కు బీన్ పేరు ఇస్తే చాలు. ఈలోగా 40 పేజీలు తెరిచి రెండు కౌంటర్లనూ పోల్చే పనిని చేత్తో కాకుండా ఒక చిన్న షెల్ స్క్రిప్టుకు అప్పగించాలి. టెంప్లేట్ తప్పు ఉన్న పేజీని కూడా అందులో చేరుస్తాను.