తాటిచెట్ల దారిలో సియెమ్ రీప్‌కు

వియత్నాంలోని హోచిమిన్ సిటీ నుంచి కంబోడియాలోని సియెమ్ రీప్‌కు విమానంలో గంట పైచిలుకు ప్రయాణం. బస్సులో అయితే తెల్లవారకముందే బయలుదేరి రాత్రి భోజనం వేళకు చేరాలి. దారిలో దేశం సరిహద్దు దాటాలి, ఫ్నోమ్ పెన్‌లో బస్సు మారాలి, మొత్తం మీద సుమారు 550 కిలోమీటర్లు కూర్చునే ఉండాలి. సియెమ్ రీప్ పక్కనే ఉన్న అంగ్‌కోర్ వాట్ గుడిని చూసివచ్చిన మా బంధువులూ స్నేహితులూ అందరూ విమానంలోనే వెళ్లారు. మేము బస్సు ఎక్కడానికి మొదటి కారణం డబ్బు, ఆ సంగతి దాచవలసిన పని లేదు. పైగా 2023 అక్టోబరులో ప్రారంభమైన సియెమ్ రీప్ కొత్త విమానాశ్రయం ఊరికి నలభై కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది కాబట్టి, విమానం దిగినా మళ్లీ రోడ్డు ప్రయాణం తప్పదు. మూడో కారణం మావారిది. టికెట్ల గురించి తర్జనభర్జన పడుతున్నప్పుడు ఆయన ఒకే ఒక్క మాట అడిగారు: "గుడిని చూడనీకి పోతున్నమా, దేశాన్ని చూడనీకి పోతున్నమా?" నల్గొండ మనిషి అలా అడిగిన తరువాత గుంటూరు మనిషి వాదించి గెలవడం మా ఇంట్లో ఎన్నడూ జరగలేదు.

జనవరి నెల. హోచిమిన్ సిటీలో వీపు సంచులతో తిరిగేవాళ్లంతా దిగే ఫామ్ న్గూ లావ్ వీధిలోనే కంబోడియా వెళ్లే బస్సుల కార్యాలయాలు వరుసగా ఉంటాయి. రాత్రంతా మోత మోగిన ఆ పేట ఉదయం ఆరింటికి చీపుళ్ల చప్పుడుతో మేలుకుంటూ ఉండగా మా బస్సు కదిలింది. నగరం అంత తొందరగా వదలలేదు. మోటారు సైకిళ్ల ప్రవాహంలో నెమ్మదిగా ఈదుకుంటూ, కూచీ వైపుగా 22వ నంబరు జాతీయ రహదారి పట్టుకునేసరికే గంట గడిచింది. ఈ దారిలోనే త్రాంగ్ బాంగ్ అనే ఊరు వస్తుంది. 1972 జూన్ 8న దక్షిణ వియత్నాం విమానం ఒకటి ఇక్కడ నాపామ్ బాంబులు వేసింది. ఒళ్లు కాలి, బట్టలు లేకుండా రోడ్డు మీద ఏడుస్తూ పరుగెత్తిన తొమ్మిదేళ్ల కిమ్ ఫుక్ ఫొటో చూడనివారు మన తరంలో అరుదు. ఇప్పుడు ఆ ఊళ్లో ఫోన్ల దుకాణాలు, నూడిల్స్ హోటళ్లు, బడికి వెళ్లే పిల్లలు కనిపించారు. బస్సు ఆగలేదు, వేగం కూడా తగ్గించలేదు.

సరిహద్దుకు వియత్నాం వైపు మోక్ బాయ్, కంబోడియా వైపు బావెట్. అక్కడికి చేరేలోపే కండక్టరు ప్రయాణికులందరి పాస్‌పోర్టులూ సేకరించి, రబ్బరు బ్యాండు వేసి, చంకలో పెట్టుకున్నాడు. పాస్‌పోర్టు పరాయి మనిషి చేతికి ఇవ్వకూడదని చిన్నప్పటి నుంచీ విన్నవాళ్లకు గుండె కాస్త దడదడలాడుతుంది కానీ, ఈ దారిలో అదే పద్ధతి. మోక్ బాయ్‌లో అందరం సామాన్లతో దిగి, ఒక గుంపుగా నిలబడితే, అధికారి ముద్ర వేసిన పాస్‌పోర్టులను ఒక్కొక్కటిగా ఎత్తి పేరు పిలుస్తూ ఉంటాడు. ఇంటిపేరూ పెట్టిన పేరూ కలిసి రెండు వరుసలు నిండే మన పేర్లు వచ్చినప్పుడు ఆయన కాసేపు మౌనం వహించి, చివరికి ఫొటో మాకేసి తిప్పి చూపించాడు.

కంబోడియా పర్యాటక వీసా రుసుము 30 డాలర్లు. సరిహద్దులోనే ఇస్తారు. అయితే బస్సువాళ్ల ద్వారా తీసుకుంటే దాని మీద ఇంకొంత వసూలు చేస్తారు. మేము ముందుగా ఈ-వీసా తీసుకున్నాం కనుక ఆ బేరం తప్పింది. కానీ బావెట్ కిటికీ దగ్గర మమ్మల్ని మిగతావారికంటే ఎక్కువసేపు నిలబెట్టారు. ఏం పని చేస్తారు, ఎక్కడ దిగుతారు, తిరిగి వెళ్లే టికెట్టు ఉందా అని అడిగారు. మా బస్సులోని ఫ్రెంచి దంపతులకు ఆ ప్రశ్నలు లేవు. నాకు ముందు చిరాకు వేసింది, బయటకు వచ్చాక ఆ చిరాకు నిలవలేదు. సరిహద్దు దాటగానే రోడ్డుకు రెండు వైపులా కాసినోలే. కంబోడియా పౌరులు జూదం ఆడడం ఆ దేశంలో చట్టవిరుద్ధం కాబట్టి, ఇవన్నీ పొరుగు దేశాలవారి కోసం కట్టినవి. వాటి మధ్య ఎత్తైన గోడలున్న భవనాలూ కనిపించాయి. ఉద్యోగాలని నమ్మించి తెచ్చిన యువకులచేత సైబర్ మోసాలు చేయించే ముఠాలు కంబోడియాలో ఇలాంటి సరిహద్దు పట్టణాల్లోనూ, సముద్రతీరంలోని సిహనూక్‌విల్‌లోనూ పాతుకుపోయాయి. 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టిన కేసులో అలా చిక్కినవారిలో మన కోస్తా కుర్రాళ్లు ఉన్నారు. వాళ్లు విశాఖ విమానాశ్రయంలో దిగిన దృశ్యాలు టీవీలో చూసినవాళ్లం. భారత పాస్‌పోర్టును అధికారి రెండుసార్లు తిప్పి చూడడానికి ఆ కథ కూడా ఒక కారణమేమో అనుకున్నాను. మావారు ఆ భవనాలు కనుమరుగయ్యేదాకా ఏమీ మాట్లాడలేదు.

బావెట్ దాటిన తరువాత కంబోడియా ఒకటో నంబరు జాతీయ రహదారి మీద అసలు ప్రయాణం మొదలైంది. స్వాయ్ రియెంగ్, ప్రేవెంగ్ రాష్ట్రాల గుండా సాగే ఈ నేల అంతా చదునుగా ఉంటుంది, కొండ అన్నదే కనిపించదు. కోతలైపోయిన వరిచేలు, స్తంభాల మీద ఎత్తుగా కట్టిన చెక్క ఇళ్లు, ఇంటి కింద నీడలో ఊయల, ఆవు, మోటారు సైకిలు. ఇక చేలగట్ల మీద, ఇళ్ల వెనుక, చూపు ఆనినంత మేర తాటిచెట్లు. తాటిచెట్టును పోలిన చెట్టు కాదు. మన పల్లెల్లో ఉండే తాడే, అదే జాతి. కంబోడియా ప్రభుత్వం 2005లో దానిని జాతీయ వృక్షంగా ప్రకటించింది. మా గుంటూరు వైపు రోడ్డు వెడల్పు చేసినప్పుడల్లా మొదట నేలకూలేది తాటిచెట్టే కాబట్టి, ఈ గౌరవం విన్నప్పుడు నాకు కొంచెం ఈర్ష్య కలిగింది.

మావారి తాతగారు గీత కార్మికుడు. నల్గొండ దగ్గరి ఊళ్లో మోకు భుజాన వేసుకుని పొద్దున్నే వనానికి వెళ్లి, డెబ్బయ్యో ఏట వరకూ చెట్టెక్కిన మనిషి. అందుకని ఈ దారిలో ఆయన చూపు నా చూపులాంటిది కాదు. నాకు చెట్లు కనిపిస్తుంటే ఆయనకు గీసిన చెట్లు, గీయని చెట్లు వేరువేరుగా కనిపిస్తున్నాయి. చాలా చెట్ల మొదలు నుంచి తల దాకా ఒక పొడవాటి వెదురు బొంగు నిలువునా కట్టి ఉండడం ఆయనే చూపించారు. కణుపుల దగ్గర కొమ్మల మొదళ్లను కొంచెం వదిలి కోసిన ఆ బొంగే ఇక్కడి గీత కార్మికుడికి నిచ్చెన. కల్లు పట్టడానికి కుండ బదులు వెదురు గొట్టాలు వాడతారు. ఒక చెట్టు మీదికి ఒకాయన నడుముకు ఆ గొట్టాలు వేలాడగట్టుకుని చకచకా ఎక్కిపోతుంటే బస్సు దాటిపోయింది. "మోకు లేదు, నడుముకు పట్టు లేదు. తాత చూస్తే ఒప్పుకోకపోతుండె" అన్నారు మావారు. కాసేపటికి ఆయనే, "కానీ ప్రతిసారీ మోకు విసిరి ఎక్కే కష్టం లేదు కదా" అని సవరించుకున్నారు. ఇక్కడ తీసిన రసంలో ఎక్కువ భాగం కల్లుగా కాక బెల్లంగా మారుతుంది. పెద్ద ఇనుప మూకుడులో గంటల తరబడి కాచి, చిక్కబడ్డాక కలియదిప్పి, తాటాకు చుట్ల మధ్య బిళ్లలుగా పోస్తారు. మధ్యాహ్నం బస్సు ఆగిన చోట ఆ బిళ్లలు తాటాకు పొట్లంలో అమ్ముతుంటే కొన్నాం. మన తాటిబెల్లంలో ఉండే ఘాటైన వాసన తక్కువ, రంగు కూడా లేత.

పదకొండు దాటిన తరువాత మెకాంగ్ నది వచ్చింది. నీక్ లుయంగ్ దగ్గర నది మీద జపాన్ సాయంతో కట్టిన సుబాసా వంతెన 2.2 కిలోమీటర్ల పొడవు. 2015 ఏప్రిల్‌లో దానిని తెరిచే వరకూ ఇక్కడ బస్సులూ లారీలూ అన్నీ పంటుల మీద నది దాటవలసిందే. పండగల రోజుల్లో గంటల తరబడి వరుసలో నిలబడేవట. రాజమండ్రి వంతెన మీద గోదావరిని చూస్తూ పెరిగినవాళ్లకు కూడా ఈ నది వెడల్పు చూస్తే కిటికీ వదలబుద్ధి కాదు. కింద ఉన్న ఆ చిన్న పట్టణం మీద 1973 ఆగస్టు 6న అమెరికా బి-52 విమానం ఒకటి తన బాంబులన్నీ వదిలింది. పొరపాటున. అది అమెరికా బలపరుస్తున్న ప్రభుత్వం చేతిలో ఉన్న ఊరే. 137 మంది చనిపోయారు, 268 మంది గాయపడ్డారు. వంతెన దిగిన తరువాత చిల్లరలో వచ్చిన 500 రియెల్ నోటు తీసి చూస్తే దాని వెనుక ఇదే వంతెన బొమ్మ ఉంది. డాలరుకు సుమారు నాలుగు వేల రియెల్‌లు. పెద్ద మొత్తాలన్నీ డాలర్లలో, చిల్లర రియెల్‌లలో నడిచే దేశం ఇది. అంచు కొద్దిగా చిరిగిన డాలరు నోటును ఎవరూ తీసుకోరు కాబట్టి, హైదరాబాదులో డాలర్లు తీసుకునేటప్పుడే ఒక్కో నోటూ వెలుతురులో పెట్టి చూసుకోవడం మంచిది.

ఫ్నోమ్ పెన్‌ను తిరుగు ప్రయాణానికి అట్టిపెట్టుకున్నాం. ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టు పాలకులు మనుషులను చిత్రహింసలు పెట్టిన తువోల్ స్లెంగ్ చెరసాలను అరగంట విరామంలో చూడలేము, చూడకూడదు. బస్సు మారి, రొట్టె ముక్కల్లో కూరగాయలు పెట్టించుకుని తిని, ఒంటి గంటకు తొన్లే సాప్ నది దాటి ఆరో నంబరు రహదారి ఎక్కాం. ఈ దారిన వెళ్లేవారికి ఒక సలహా: మధ్యాహ్నం ఎండ ఎడమ వైపున పడుతుంది, కుడి వైపు సీట్లు అడిగి తీసుకోండి. స్కున్ అనే ఊళ్లో పళ్లేల నిండా వేయించిన పెద్ద సాలీళ్లు అమ్ముతారు. విదేశీయులు వాటిని పట్టుకుని ఫొటోలు దిగుతుంటే నాకు అంత ఉత్సాహం కలగలేదు. అమ్మే స్త్రీకి అది వ్యాపారం, తినేవాళ్లకు చిరుతిండి, అంతకు మించి వింతపడవలసింది ఏముంది? నేను శాకాహారిని కనుక కంపోంగ్ థోమ్‌లో వెదురు బొంగులో కాల్చిన జిగురు అన్నం దొరకడమే నాకు పెద్ద వార్త. కొబ్బరిపాలు, బొబ్బర్లు కలిపి నిప్పుల మీద కాలుస్తారు, బొంగు పెచ్చు ఒలిచి తినాలి. అరకులో బొంగు చికెన్ తినేవాళ్లను చూస్తూ ఊరుకున్న నాకు ఇన్నాళ్లకు న్యాయం జరిగిందని మావారు నవ్వారు.

నేను ఉదయం నుంచీ ఎదురుచూస్తున్నది కంపోంగ్ క్డేయ్ కోసం. సియెమ్ రీప్‌కు అరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ ఊళ్లో పన్నెండో శతాబ్దం నాటి రాతి వంతెన ఉంది. ఖ్మేర్ రాజు ఏడో జయవర్మ కాలంలో, అప్పటి రాజధాని అంగ్‌కోర్ నుంచి నలుదిక్కులకూ వేసిన రాజమార్గాలలో ఒకదాని మీద కట్టినది. ఆ రాజు 1191లో ప్రియా ఖాన్ ఆలయంలో వేయించిన సంస్కృత శాసనం, బాటసారుల కోసం ఆ దారుల వెంట కట్టిన 121 విడిదిళ్లను పేర్కొంటుంది. నిప్పు ఉండే ఇళ్లు అన్న అర్థంలో వాటిని వహ్నిగృహాలు అంటారు. మన రెడ్డిరాజుల, కాకతీయుల శాసనాల్లో సత్రాల ప్రస్తావనలు చదివినవారికి ఈ శ్రద్ధ పరాయిగా అనిపించదు. ఇప్పుడు బస్సులు పక్కనే కట్టిన కొత్త వంతెన మీదుగా వెళ్లిపోతాయి, కాబట్టి కిటికీలోంచి ఒక క్షణం కనిపిస్తే చాలనుకున్నాను. అయితే ఇక్కడి బస్సులు మనుషులతో పాటు పార్సిళ్లూ మోస్తాయి. మా డ్రైవరు కంపోంగ్ క్డేయ్ బజారులో ఆపి, టైర్లు, అన్నం కుక్కర్లు, ఒక పెట్టె నిండా కోడిపిల్లలు దింపడం మొదలుపెట్టాడు. ఎంతసేపని సైగ చేస్తే పది వేళ్లు చూపించాడు. ఇద్దరం పరుగెత్తాం.

పొద్దు వాలుతున్నా ఇంకా వెలుతురు ఉంది. ఎర్రటి లాటరైట్ రాళ్లను సున్నం లేకుండా పేర్చి, ఒకదాని పక్కన ఒకటిగా ఇరవైకి పైగా సన్నని కమానులు. రెండు అంచులా పిట్టగోడకు బదులు పొడవాటి నాగులు, చివరలలో పడగలు విప్పి. మోటారు సైకిళ్లు, సైకిళ్లు దాని మీదుగా ఇప్పటికీ వెళుతున్నాయి, పెద్ద వాహనాలను మాత్రం రానివ్వరు. కమానులు ఇంత ఇరుకుగా ఎందుకున్నాయంటే, రాళ్లను వంపుగా బిగించే పద్ధతి ఖ్మేర్ శిల్పులు వాడలేదు. ఒక్కో వరుసను కొంచెం ముందుకు జరిపి పేర్చుకుంటూ పైన కలిపేవారు. అలా కలపాలంటే ఖాళీ తక్కువ ఉండాలి. వానకాలంలో అంత నీరు ఈ సందుల్లోంచి పోవాలి, పోయింది, ఎనిమిది వందల ఏళ్లుగా పోతూనే ఉంది. మావారు నాగు పడగ మీద చేయి వేసి నిలబడగానే హారన్ వినిపించింది.

ఆ తరువాత గంటా పావు చీకట్లోనే సాగింది. సియెమ్ రీప్‌లో దిగగానే రెమోర్క్‌ల వాళ్లు చుట్టుముట్టారు. మోటారు సైకిలుకు తగిలించిన రెండు చక్రాల బండిని ఇక్కడ అలా అంటారు. మేము ఎక్కిన బండి యువకుడు అలవాటు ప్రకారం, తెల్లవారుజామున నాలుగున్నరకు వచ్చి అంగ్‌కోర్ వాట్‌లో సూర్యోదయానికి తీసుకువెళతానన్నాడు. టికెట్టు ఒక రోజుకైతే 37 డాలర్లు, మూడు రోజులకైతే 62 అని లెక్క కూడా చెప్పాడు. మూడు రోజులదే తీసుకుంటామని, కానీ రేపు ముందుగా ప్రియా డాక్ ఊళ్లో తాటిబెల్లం కాచేచోటికి వెళదామని మావారు చెప్పారు. అతను వెనక్కి తిరిగి మమ్మల్ని ఇద్దరినీ పరికించి, తన మేనమామ ఆ ఊళ్లోనే చెట్లు ఎక్కుతాడనీ, అయితే రసం దించేది ఆరింటికి కాబట్టి అయిదున్నరకు తయారుగా ఉండమనీ అన్నాడు. కిరాయి మాత్రం పైసా తగ్గించలేదు.