నా పైప్‌లైన్ ఇంటర్వ్యూ: మొదటిసారి 300 మీటర్ల ఘాట్ దగ్గరే ఆగిపోయాను

ఫ్రెండ్స్, నిన్న రాత్రి లిస్టులో నా నంబరు చూసుకున్నాను. మెకానికల్, రెండో ప్రయత్నం. గేట్ గురించి కొత్తగా చెప్పేదేం లేదు. పాత పేపర్లు, షార్ట్ నోట్సు, వారానికో మాక్ టెస్టు. నేను చెప్పాలనుకున్నది పోయినేడాది ఇంటర్వ్యూలో నన్ను దెబ్బకొట్టిన ఒక్క ప్రశ్న గురించి. అది హైడ్రోటెస్ట్ మీద, అంటే పైపులో నీళ్లు నింపి, నడిచే ప్రెషర్ కంటే ఎక్కువ ఎక్కించి చూసే పరీక్ష.

"18 అంగుళాల లైను, ఎక్స్65 స్టీలు, మందం 7.1 మి.మీ., డిజైన్ ప్రెషర్ 90 బార్. మధ్యలో 300 మీటర్ల ఎత్తు ఘాట్. హైడ్రోటెస్ట్ ఎంతకు చేస్తారు?"

"1.25 రెట్లు, 112.5 బార్ సార్" అని టక్కున చెప్పేశాను.

"గేజి ఎక్కడ?"

"కొండ కింద, పంపు దగ్గర."

"మరి పైన ఎంత ఉంటుంది?"

నోరు పెగల్లేదు. 300 మీటర్ల నీటికి 29.4 బార్ పోతే పైన మిగిలేది 83. లైను నడిచే 90 కూడా అక్కడ పడలేదు, ఇక అది టెస్టేమిటి? పోనీ పైనే 112.5 ఇద్దామంటే కింద 142 అవుతుంది. హూప్ స్ట్రెస్ (లోపలి ప్రెషర్‌కు పైపు గోడ చుట్టూ పడే ఒత్తిడి) లెక్క వేయండి: ఎక్స్65 స్టీలు బలం 448 ఎంపీఏ, 457 మి.మీ. వ్యాసం పెడితే ఈ పైపు 139 బార్ దగ్గరే యీల్డ్‌కు వస్తుంది, అంటే శాశ్వతంగా సాగడం మొదలవుతుంది. అందుకే లైనును విడివిడిగా టెస్టు చేసే సెక్షన్లు చేస్తారు. 150 మీటర్ల చొప్పున రెండు చేసి, ఒక్కోదాని పైన 112.5 ఇస్తే ఏ సెక్షన్‌కైనా కింద 127, యీల్డ్‌లో 91 శాతం.

నేను చదవలేదనుకోకండి. రోజుకు పది గంటలు కూర్చున్నాను. నీటి ఎత్తుకు ప్రెషర్‌దీ, హూప్ స్ట్రెస్‌దీ, రెండు ఫార్ములాలూ నిద్రలో లేపి అడిగినా చెప్తాను. కానీ వాటిని ఒకే కాగితం మీద ఎప్పుడూ కలపలేదు. వీడియో చూసి నోట్సు దించుకుంటే చదివినట్టే ఉంటుంది, చదువు కాదది. ఫోను అవతల పెట్టి, కొండ బొమ్మ గీసి, కిందా పైనా ప్రెషర్ మీ చేత్తో రాయండి.

ఈసారి బోర్డు నీళ్లు నింపడం గురించి అడిగింది. దిగుడులో నీరు ముందుకు ఉరుకుతుంది, గాలి శిఖరం దగ్గర చిక్కుతుంది. అందుకని నీటికి ముందు పిగ్ (పైపులో బిగుతుగా జరిగే బిరడా లాంటిది) పంపి, అవతలి చివర బ్యాక్ ప్రెషర్, అంటే ఎదురు ఒత్తిడి పట్టి ఉంచాలన్నాను. గాలి మిగిలితే పంపు స్ట్రోకులు పెరుగుతున్నా ప్రెషర్ లేవదు, గ్రాఫ్‌లో తెలిసిపోతుందన్నాను. "టెస్టయ్యాక నీళ్లు వదిలేటప్పుడు?" అంటే, ప్రెషర్ దించి, కింద వాల్వు తీసేముందు పైన వెంటు (గాలి వెళ్లే దారి) తెరవాలి, లేకపోతే శిఖరం దగ్గర వాక్యూమ్ పడుతుందని చెప్పాను.

వచ్చే నెల ఇంటర్వ్యూ ఉన్నవాళ్లు ఇదే లైనును 450 మీటర్ల ఘాట్‌కు వేసి చూడండి. యీల్డ్‌లో 95 శాతం దాటకూడదనుకుంటే నాకు మూడు సెక్షన్లు వచ్చాయి.