ఆకు కొసన ఆనవాలు

ఆర్కిడ్లు చూడాలంటే సిక్కిమో అరుణాచలో వెళ్ళాలని మనవాళ్ళలో చాలామంది అనుకుంటారు. మే నెలలో నర్సీపట్నం నుంచి లంబసింగి ఘాట్ ఎక్కి చింతపల్లి దాకా వెళ్తే చాలు, దారి పక్క ముసలి మామిడి చెట్లే చూపిస్తాయి. చలికాలంలో మంచు కోసం ఎగబడే జనం అప్పుడు ఉండరు. మాకు అదీ కలిసొచ్చింది.

దారి చూపడానికి వచ్చిన పెద్దాయన్ని పూల గురించి అడిగితే నవ్వాడు. "పువ్వుదేటుంది బాబూ, ఇయ్యాల ఉంటాది, రేపు పోతాది. ఆకు సూడండి" అన్నాడు.

ముందుగా దొరికింది వాండా టెసలేటా అనే ఆర్కిడ్. మామిడి పంగలో కూర్చుని, బెరడు వెంట తెల్లటి వేళ్ళు పాకించింది. వాటి మీద సీసాలో నీళ్ళు కాసిని చల్లితే చూస్తుండగానే పచ్చబడ్డాయి. పైనున్న మెత్తటి పొర నీళ్ళు పీల్చుకుంటే లోపలి పచ్చదనం బయటపడుతుంది. చాలామంది దీన్ని చెట్టును పీల్చే బదనిక కింద జమకడతారు గానీ, దానికి కొమ్మ ఆసరా మాత్రమే. ఆకులు సన్నగా, పొడుగ్గా, రెండు వరసల్లో, మధ్యలో గాడిలా మడిచి ఉన్నాయి. కొస మొనదేలి ఉండదు, హెచ్చుతగ్గుల పళ్ళతో తెగినట్టు ఉంటుంది. పసుపుపచ్చ రేకుల మీద గళ్ళ లుంగీలాగా గోధుమరంగు గీతలు, మధ్యలో ఊదారంగు పెదవి. ఆర్కిడ్ పువ్వులో లోపలి మూడు రేకుల్లో ఒకటి ఇలా రూపం మార్చుకుంటుంది, పురుగులు వాలేది దాని మీదే. పువ్వును బట్టి పేరు తేల్చాలంటే ముందు పెదవినే చూడాలి.

ఫోటో తీసి మొక్కల పేర్లు చెప్పే ఓ యాప్‌కిస్తే వాండా సెరూలియా అని తేల్చింది. అది ఖాసీ కొండలు, మయన్మార్, ఉత్తర థాయ్‌లాండ్ వైపు మొక్క. పైగా దానికి పువ్వంతా నీలమే. మొక్క సొంతగడ్డ ఏదో చూసుకుంటే ఇలాంటి తప్పుడు పేర్లు సగం వాటంతటవే రాలిపోతాయి. యాప్‌కి ఆ ధ్యాసే ఉండదు.

ఇంకాస్త పైన మద్ది చెట్టుకి సింబిడియం అలోయిఫోలియం గుత్తులు కిందికి వేలాడుతున్నాయి. ఆకులు చేత్తో వంచితే వంగనంత బిరుసు, రేకుల నడుమ ముదురు ఎరుపు చార. ఆ పక్కనే నక్కతోక ఆర్కిడ్, అదే రింకోస్టైలిస్ రెటూసా. తెలుపు మీద గులాబీ చుక్కలు. అస్సాం రాష్ట్ర పుష్పం మన తూర్పు కనుమల్లోనూ పూస్తుందంటే మా జట్టులో ఒకరు నమ్మలేదు. ఆకు గుండ్రంగా కడ్డీలా ఉందా, అది లూయిసియా అనే ఆర్కిడ్, దాంతో తంటా లేదు.

ఆకు చూడమన్న పెద్దాయన సూత్రం డెండ్రోబియం అఫిల్లం దగ్గర బెసికింది. పూసే వేళకి దానికి ఆకులే ఉండవు, వేలాడే మోడు కాడలకి లేత గులాబీ పూలు. నేల మీద పెరిగే నెర్వీలియా మరీ ఇబ్బంది: తొలకరికి ఒంటి కాడతో పూస్తుంది, ఆ పువ్వు వాడాకే గుండె ఆకారంలో ఒకే ఒక్క ఆకు లేస్తుంది. రెండూ ఒకేసారి చూడటం కుదరదు.