టెక్సోమా దారిలో బాడీ ఎర్తు

టెక్సాస్‌లోని ఫ్రిస్కో నుంచి టెక్సోమా సరస్సుకి ఎంత మెల్లగా వెళ్లినా గంటన్నర. మాకు నాలుగున్నర గంటలు పట్టింది. అందులో సగానికి పైగా దారిలో మెలిస్సా ఊళ్లో బకీస్ అనే పెద్ద పెట్రోలు బంకు పార్కింగులో, కాంక్రీటు మీద మోకాళ్లేసుకుని గడిచింది.

పడవ నాదీ మా తోడల్లుడిదీ. 17 అడుగుల అల్యూమినియం పడవ, సెకండ్‌హ్యాండ్. అమ్మినాయన ఇంజను గురించి అరగంట చెప్పాడు. పడవని మోసే చక్రాల బండి, అదే ట్రైలర్, దాని గురించి ఒక్క ముక్క చెప్పలేదు, మేమూ అడగలేదు. దాని వెనక లైట్లు ఒకసారి వెలిగి ఒకసారి ఆరిపోతుంటే మా తోడల్లుడు ముందురోజు రాత్రే రెండు బల్బులూ మార్చేశాడు. ఎందుకైనా మంచిదని ఎల్‌ఈడీ లైట్ల సెట్టు కూడా కొన్నాడు, టాక్సుతో కలిపి 60 డాలర్ల పైమాట. ఇంటి ముందు అన్నీ చక్కగా వెలిగాయి.

తెల్లవారుజామున నాలుగున్నరకి బయల్దేరాం. పడవ నా బండికి తగిలించాం, వెనక తోడల్లుడు ఆడవాళ్లతో, పిల్లలతో తన బండిలో. 121 హైవే మీద టోల్ ఇరుసుల లెక్కన పడుతుంది కాబట్టి, ఒక్క ఇరుసు ట్రైలర్ తగిలిస్తే మామూలు టోల్‌కి రెట్టింపు. అది తిట్టుకుంటూ మెకిన్నీ దగ్గర 75 హైవే ఎక్కానో లేదో ఫోను.

"అన్నయ్యా, ఇండికేటర్ ఎడమకి వేశావా, కుడికి వేశావా?"

"ఎడమకి. ఏం?"

"వెనక మొత్తం పెళ్లిపందిరి సీరియల్ సెట్టులా ఉంది."

చీకట్లో, డెబ్భై మైళ్ల వేగంతో లారీలు పోయే రోడ్డు మీద, వెనక పిల్లలు. నాకు టెన్షన్ మొదలైంది. హజార్డ్ లైట్లు వేసుకుని, కుడి లేన్లో నత్తలా పాకి, బకీస్‌లో దూరాను.

పెద్ద లారీలను లోపలికి రానివ్వరు కాబట్టి పడవ పెట్టుకోవడానికి చోటుకి కొదవ లేదు. ఆడవాళ్లూ పిల్లలూ లోపలికి వెళ్లి, పాకం పట్టిన మొక్కజొన్న ఉండలు, కాఫీలు, మొత్తం 38 డాలర్ల సరుకు తెచ్చుకున్నారు. బ్యాక్‌ప్యాక్‌లో తెచ్చిన పులిహోర ఎవరూ ముట్టలేదు.

నా దగ్గర టెస్టర్ ఉంది. చివర సూది, పిడిలో చిన్న బల్బు, ఒక క్లిప్పు ఉండే రకం. క్లిప్పు ట్రైలర్ ఫ్రేముకి పెట్టి, ప్లగ్గు దగ్గర తీగలు ఒక్కొక్కటీ గుచ్చాను. తోడల్లుడు లోపల కూర్చుని బ్రేకు నొక్కుతున్నాడు, ఇండికేటర్లు వేస్తున్నాడు. టెస్టర్ మినుకుమని ఊరుకుంది తప్ప సరిగ్గా వెలగలేదు. ఏ తీగకీ కరెంటు లేదంటే నా బండిలోనే ఫ్యూజు పోయిందని తేల్చేశాను. ఫ్యూజుబాక్సు తెరిచి అరగంట వెతికాను. అన్నీ బాగానే ఉన్నాయి. తోడల్లుడు ఎల్‌ఈడీ డబ్బా చేతిలో పట్టుకుని "పాత వైరింగ్ మొత్తం పీకేద్దామా?" అంటున్నాడు.

అప్పుడొచ్చాడు పక్క పికప్‌లోంచి ఒక పెద్దాయన. డెబ్భై ఏళ్లు ఉంటాయి, చెమటకి రంగు మారిన టోపీ, చేతిలో పెద్ద కాఫీ కప్పు. ఆయన వెనకా పడవ ఉంది. కాసేపు చూసి, ఎడమ ఇండికేటర్ వేయమన్నాడు. రెండువైపులా నీరసంగా మిణుకుమంది. ఏమీ అనకుండా వెళ్లి జంపర్ కేబుల్ తెచ్చాడు. నలుపు కేబుల్ ఒక కొస నా బండి వెనక ట్రైలర్ తగిలించే హిచ్ దగ్గర పెయింటు ఊడిన ఇనుముకీ, రెండో కొస ట్రైలర్ ఫ్రేముకీ కరిపించాడు.

ఎడమవైపు ఎర్రలైటు భగ్గున వెలిగి, టక్ టక్ మని కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఎడమవైపు మాత్రమే.

"ట్రైలర్లలో పదికి తొమ్మిది జబ్బులు తెల్లతీగవే" అన్నాడాయన.

నాకు సిగ్గేసింది. ఉయ్యూరులో మా నాన్న ట్రాక్టరు లైట్లు పాడైతే ఎలక్ట్రీషియన్ దగ్గరికి తీసుకెళ్లినప్పుడు, తీగ ముట్టుకోకముందే అతను అనే మొదటి మాట "బాడీ ఎర్తు చూశారా?" అని. అంటే, కరెంటు బండి ఇనుములోంచి వెనక్కి వెళ్లే దారి సరిగ్గా ఉందా అని. చిన్నప్పుడు వంద సార్లు విన్నాను. చెరకు సీజన్లో ఫ్యాక్టరీకి వెళ్లే మా ట్రక్కుకి వెనక లైట్లే ఉండేవి కాదనుకోండి, రేడియం స్టిక్కరు ముక్కే దిక్కు. అందుకేనేమో ఆ మాట బుర్రకెక్కలేదు.

ఈ ట్రైలర్ ప్లగ్గులో ఉండేవి నాలుగే తీగలు. గోధుమరంగుది టెయిల్ లైట్లకి, పసుపుది ఎడమ బ్రేకుకీ ఇండికేటర్‌కీ, ఆకుపచ్చది కుడివైపుకి. కరెంటు వెనక్కి రావాల్సింది ఒక్క తెల్లతీగలోంచి. అది ట్రైలర్ మూతి దగ్గర ఒక స్క్రూతో ఫ్రేముకి బిగించి ఉంటుంది. అది సరిగ్గా అంటకపోతే కరెంటు బల్బులోని రెండో ఫిలమెంటులోంచి దొడ్డిదారి వెతుక్కుంటుంది. అదే మా సీరియల్ సెట్టు. ఇంటిదగ్గర వెలగడానికి కారణం హిచ్ బంతి. ట్రైలర్ దాని మీద బరువుగా కూర్చుని, ఇనుముకి ఇనుము తగిలి ఎర్తు అందింది. రోడ్డు మీద కుదుపులకీ, బంతికి నేను దట్టంగా పూసిన గ్రీజుకీ అదీ పోయింది. నా టెస్టర్ క్లిప్పు పెట్టింది కూడా ఆ ఎర్తు లేని ఫ్రేముకే. ఇక అది ఏం చెబుతుంది?

పెద్దాయన ఫోన్ లైటు పట్టుకోమన్నాడు. స్క్రూ విప్పితే తల ఊడి చేతికొచ్చింది. కింద తీగ కొసన ఉంగరం తుప్పుతో పొరలు పొరలుగా బిస్కెట్టులా విరిగింది. జేబుకత్తితో ఫ్రేము మీద పెయింటూ తుప్పూ గీకాడు. అర్ధరూపాయి బిళ్లంత మేర ఇనుము తెల్లగా మెరిసేదాకా వదల్లేదు. తీగను రాగి కనపడేదాకా వెనక్కి కోసి, తన డబ్బాలోంచి కొత్త రింగు టెర్మినల్ తీసి నొక్కి, పళ్ల వాషరు వేసి, కొత్త స్క్రూ బిగించి, పైన గ్రీజు రాశాడు.

జంపర్ తీసేశాం. ఎడమ బాగుంది, టెయిల్ లైట్లు బాగున్నాయి, కుడి బ్రేకు లేదు! ఈసారి టెస్టర్ క్లిప్పు నా బండి ఇనుముకి పెట్టి చూశాం. ఆకుపచ్చ తీగకి ప్లగ్గు దగ్గర కరెంటు ఉంది, లైటు దాకా కూడా ఉంది. అంటే హోల్డరు. బల్బు తిప్పి తీస్తే లోపల రాగి చెంబుకి పట్టినట్టు పచ్చటి చిలుము. తోడల్లుడు కొత్త బల్బు పెట్టాడు గానీ అది చూసుకోలేదు. కత్తి మొనతో గీకితే వెలిగింది.

డబ్బులు తీసుకోలేదు. పులిహోర ఇస్తే వాసన చూసి, సగం డబ్బా ఖాళీ చేసి, "నీళ్లలోకి దింపే ముందు ప్లగ్గు పీకేయండి. వేడి బల్బు చన్నీళ్లలో మునిగితే పగిలిపోతుంది" అని చెప్పి వెళ్లిపోయాడు.

ఐజన్‌హోవర్ స్టేట్ పార్కు ర్యాంపు చేరేసరికి తొమ్మిది, ఎండ చుర్రుమంటోంది. ప్లగ్గు పీకాను. టెక్సోమా లైసెన్సు ఒకటి తీసుకుంటే టెక్సాస్, ఓక్లహోమా రెండువైపులా పట్టుకోవచ్చు. ఈ చెరువు స్ట్రైపర్ చేపలకి పేరు. మాకు రెండువైపులా కలిపి పడింది ఒక్కటి.

చీకటి పడ్డాక తిరుగు ప్రయాణం. షెర్మన్ దాటాక తోడల్లుడికి ఫోన్ చేసి, ఎడమ ఇండికేటర్ వేశాను.

"ఎడమ" అన్నాడు.

కుడి వేశాను. "కుడి."

బ్రేకు తొక్కాను. "అన్నయ్యా, ఊరికే తొక్కకు, వెనక మేమున్నాం."

ఎల్‌ఈడీ డబ్బా ఇంకా మా గరాజ్‌లోనే ఉంది. అట్ట చిరిగిందని షాపువాడు వెనక్కి తీసుకోలేదు. ఆ 60 డాలర్లు ఎవరి వాటాలో రాయాలో మాకిద్దరికీ ఇంకా తేలలేదు.