దొర్కా కుట్టిన అంగీలు

"విధవరాండ్రందరు వచ్చి యేడ్చుచు, దొర్కా తమతోకూడ ఉన్నప్పుడు కుట్టిన అంగీలును వస్త్రములును చూపుచు అతని యెదుట నిలిచిరి." అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయం, 39వ వచనం.

శుక్రవారం స్త్రీల కూడికలో ఈ వాక్యం చదివినప్పుడల్లా నా చూపు ముందు వరసలో కూర్చునే మామ్మల చేతుల మీదికి పోతుంది. మాది నర్సాపురం దగ్గర పల్లె. లేసు పని తెలియని ఇల్లు ఇక్కడ తక్కువ. 1836లో మన దేశానికి వచ్చిన బౌడెన్, బీర్ దంపతులు నర్సాపురంలో సువార్త పని మొదలుపెట్టారు. ఆ శతాబ్దంలోనే మిషనరీ కుటుంబాల ఆడవాళ్లు మన ఆడవాళ్లకి ఈ పని నేర్పారు. ఇప్పటికీ మధ్యాహ్నం అన్నాలయ్యాక అరుగు మీద కూర్చుని, ఒళ్లో దారపు ఉండ పెట్టుకుని, చూపు పిల్లల మీద ఉంచి కూడా పువ్వు తప్పకుండా అల్లేస్తారు. దారం ఒరుసుకుని ఒరుసుకుని చూపుడువేలు మీద చిన్న గాడి పడిపోయి ఉంటుంది. ఇలాంటి వేళ్లు చూస్తూ పెరిగినదాన్ని కాబట్టి దొర్కా నాకు మా వీధిలో మనిషిలాగే అనిపిస్తుంది.

ఈ పుస్తకం రాసిన లూకా ఆమె గురించి రాసింది కొద్దే. యొప్పే అనే ఊళ్లో ఉండేది. శిష్యురాలు. కొత్త నిబంధన గ్రీకు మూలంలో శిష్యురాలు అనే ఆ స్త్రీలింగ పదం ఈమె ఒక్కరికే వాడారు. సత్క్రియలూ ధర్మకార్యాలూ చేసింది, జబ్బుపడి చనిపోయింది. ఆమె నోటి మాట ఒక్కటి కూడా అక్కడ రాసి లేదు. విధవరాండ్రు ఎవరి యెదుట నిలిచారో ఆ అపొస్తలుడు పేతురు ప్రార్థించగా తిరిగి బతికినప్పుడు కూడా కళ్లు తెరిచి, పేతురును చూసి, లేచి కూర్చుందనే ఉంది.

నాకు ఈ సంగతి చాలా ఓదార్పు. ఎందుకంటే ప్రార్థన చేయమ్మా అనగానే గొంతు పట్టేసే వాళ్లు మా కూడికలో సగం మంది. ధారాళంగా ప్రార్థించేవాళ్ల పక్కన కూర్చుని, నాకు రాదమ్మా అని తల దించుకుంటారు. వాళ్లకి నేను మేరీ సమ్నర్ గారి సంగతి చెబుతుంటాను. ఇంగ్లండులో ఒక పాదిరిగారి భార్య. తల్లులు ఒకరికొకరు తోడుండాలని, కుటుంబాలు ప్రార్థనలో నిలవాలని 1876లో తన ఊరి తల్లులని ఇంటికి పిలిచారు. తీరా అందరూ వచ్చి కూర్చున్నాక ఆవిడకి టెన్షన్‌తో మాట రాలేదు. వచ్చే వారం రండమ్మా అని పంపించేశారు. వచ్చే వారం మాట్లాడారు. అలా మొదలైనదే మదర్స్ యూనియన్, ఈనాడు ఎన్నో దేశాల్లో ఉంది. మొదటి రోజు మాట రాలేదని ఆవిడ మానేసి ఉంటే!

ఇక మా సంగతి, దాచకుండా చెబుతాను. మా గోదావరి జిల్లాల నుంచి ఎంతమంది తల్లులు కువైట్, మస్కట్ వెళ్లి పరాయి ఇళ్లలో పని చేస్తున్నారో అందరికీ తెలుసు. అప్పు తీర్చడానికి, ఇల్లు కట్టుకోవడానికి వెళతారు. పిల్లలు మామ్మల దగ్గర ఉంటారు. అలాంటి ఒక పాప కోసం మేము మూడు శుక్రవారాలు పేరు పెట్టి ప్రార్థించాం. తల్లి దూరంలో ఉంది, తండ్రి తాగుతున్నాడు, పాప బడికి సరిగా వెళ్లడం లేదు, కనికరించు ప్రభువా అని కన్నీళ్లతో అడిగాం. ఆ ఇల్లు గుడికి నాలుగిళ్ల అవతల. మూడు వారాల్లో మాలో ఒక్కరం కూడా ఆ గడప తొక్కలేదు. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

నాలుగో వారం మా వదిన వెళ్లింది. వరసకి వదిన. కూడికలో "ఆమేన్" తప్ప ఆవిడ గొంతు నేనెప్పుడూ వినలేదు. కొబ్బరినూనె సీసా, పేల దువ్వెన, రెండు రిబ్బన్లు పట్టుకెళ్లింది. పాప బడి మానేసింది తలలో పేల వల్లనట. పక్కన కూర్చోనివ్వట్లేదని సిగ్గుపడి మానేసిందట. మామ్మకి చూపు ఆనదు, తీయలేదు. మేము ఎంత పెద్ద పెద్ద మాటలతో దేవుణ్ణి అడిగాం! వదిన గుమ్మంలో వెలుతురుకి పాపని కూర్చోబెట్టి, తెల్లటి పాత లుంగీ ముక్క ఒళ్లో పరిచి, పాయ తర్వాత పాయ తీస్తూ సాయంత్రం దాకా దువ్వింది. వారం రోజులు రోజూ వెళ్లింది. తర్వాత పొద్దున్నే జడలు వేసి బడికి పంపడం అలవాటైపోయింది.

ఇప్పుడు వంతులు పెట్టుకున్నాం. రోజూ ఎసట్లో పోసే ముందు గుప్పెడు బియ్యం తీసి వేరే డబ్బాలో వేస్తాం, శుక్రవారం అందరివీ ఒక సంచిలో పోసి అవసరమున్న ఇంటికి ఇస్తాం. పాప తండ్రితో మా గుడి పాదిరి అయ్యగారు మాట్లాడుతున్నారు. తాగుడు పూర్తిగా మానాడని చెప్పను, ఇంకా ప్రార్థిస్తున్నాం.

ఈ అధ్యాయంలో ఇంకొకటి ఈమధ్యే గమనించాను. పేతురు మేడగదికి రాగానే మోకాళ్లు వేయలేదు. ముందు విధవరాండ్రు చూపించిన బట్టలు చూశాడు. ఆ తర్వాతే అందరినీ బయటకు పంపి, మోకాళ్లూని ప్రార్థించాడు. ఆమె లేచాక పరిశుద్ధులనూ విధవరాండ్రనూ పిలిచి, సజీవురాలిగా వాళ్లకి అప్పగించాడు. విధవరాండ్రను విడిగా చెప్పాడు లూకా. ఆమె లేకపోతే ఒంటిమీదికి బట్ట లేనిది వాళ్లకే మరి.

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక నేనూ వదినా ఆ ఇంటికి వెళ్లాం. అప్పుడే కువైట్ నుంచి తల్లి వీడియో కాల్ చేసింది. సిగ్నల్ సరిగా లేక మాట ముక్కలు ముక్కలుగా వస్తోంది. తిన్నావా అమ్మా అని అడిగిందనుకుంటాను. పాపకి అది వినబడలేదు. అటు తిరిగి, రెండు జడలూ పైకెత్తి పట్టుకుని, ఎర్ర రిబ్బన్లు కనబడేలా ఫోన్‌కి చూపించింది.