హెలంగ్ దగ్గర ఆగిన బస్సు

పీపల్‌కోటి దాటి కొంతదూరం వెళ్లాక, హెలంగ్ దగ్గర మా బస్సు ఆగిపోయింది. కొండచరియ విరిగిపడిందనీ, జేసీబీ దారి తెరిచేదాకా కదలలేమనీ కండక్టరు చెప్పాడు. బదరీనాథ్ దారిలో ఇది మామూలే కాబట్టి ఎవరూ ఆశ్చర్యపోలేదు గాని, ఋషీకేశ్‌లో తాగిన టీకి మూడింతలు అడిగిన కొట్టువాడి మీద మాత్రం బస్సంతా మండిపడింది.

సింగరేణిలో సర్వేయరుగా పనిచేసి రిటైరైన నాకు ఆ దారిలో ఆగడానికి ఇంతకంటే మంచి చోటు లేదు. 1936లో ఈ కొండల్లో తిరిగిన స్విస్ భూశాస్త్రజ్ఞులు హైమ్, గాన్సర్ మెయిన్ సెంట్రల్ థ్రస్ట్‌ను, అంటే ఒక రాతిపలక మరొకదానిపైకి ఎక్కిన పెద్ద పగులును, గుర్తించింది హెలంగ్ దగ్గరే. ఇక్కడ దిగువన క్వార్ట్‌జైట్‌లు (వేడికీ ఒత్తిడికీ గట్టిపడిన ఇసుకరాళ్లు) ఉంటే, జోషీమఠ్ వైపు వాటికి పైన, భూమి లోతుల్లో ఇంకా ఎక్కువ వేడికి ఉడికిన, నైస్ అనే చారల శిలలు ఉన్నాయి. లోతున ఉండవలసినవి పైకెక్కి కూర్చున్నాయి.

మా బొగ్గు గనుల్లో ఫాల్ట్ (రాయి విరిగి పక్కకు జరిగిన పగులు) అంటే సీమ్, అదే బొగ్గు పొర, మాయం కావడమే. గోదావరి లోయ సాగి కుంగిన నేల. ఫాల్టుకు ఒక పక్క రాయి జారి దిగిపోవడంతో, సరిగ్గా ఆ ఎడంలో బోరు వేస్తే బొగ్గు తగలకుండానే అడుగు రాయి వస్తుంది. హిమాలయంలో లెక్క తిరగబడుతుంది. నేల ఒత్తుకుపోయి ఒక రాతిపలక మరొకదానిపైకి ఎక్కుతుంది కనుక, నిలువుగా బోరు వేస్తే అదే పొర రెండుసార్లు తగిలే చోట్లుంటాయి.

నేను రాళ్లను అంతసేపు చూడటం గమనించిన పల్నాడు రైతుకుటుంబపు ఆవిడ ఒకరు, “అన్నయ్యగారూ, కొండలు ఇంకా పెరుగుతున్నాయంటారు కదా, మరి తగ్గే నేల ఎవరిది?” అని అడిగారు. ఇంత సూటి ప్రశ్న నా సర్వీసులో ఏ ఇంజనీరూ అడగలేదు. తగ్గేది గంగామైదానానికీ టిబెట్టుకూ మధ్య దూరం అని చెప్పాను. ఆ దూరం ఏడాదికి సుమారు 2 సెంటీమీటర్లు తగ్గుతోందని జీపీఎస్ కొలతలు చెబుతున్నాయి.

ఆ తగ్గుదలను ఫాల్టులూ ముడతలూ కలిసే మోస్తాయి. ఢిల్లీ నుంచి డెహ్రాడూన్ వచ్చేటప్పుడు మోహండ్ దగ్గర శివాలిక్ కొండల రాతిపొరలు ఉత్తరానికి వాలి ఉండటం బస్సులోంచే కనబడుతుంది. అక్కడ అడుగున దాదాపు బల్లపరుపుగా సాగే ఫాల్ట్ ఒకచోట మెట్టులా పైకి లేస్తుంది. దానిమీదుగా జరిగే పొరలు విరగకుండా వంగి పెద్ద ముడతగా లేస్తాయి. ఒక పొర పొడవును దాని వంపుల వెంట కొలిచి, రెండు కొసల మధ్య తిన్నని దూరాన్ని అందులోంచి తీసేస్తే, మడతపడినందువల్ల ఎంత నేల తగ్గిందో తెలుస్తుంది. దీనికి థ్రస్టులపై జరిగిన దూరాన్ని కలపాలి. హిమాలయం మొత్తానికి ఈ లెక్క వందల కిలోమీటర్లు తేలుతుంది. నా వృత్తిలో ఇంతకంటే అందమైన కొలత నాకు తెలియదు.

ఇంతలో జేసీబీ మట్టిని నెట్టడం మొదలుపెట్టింది. బకెట్ ముందు కుప్ప ఎత్తు పెరిగి, ఒక వాలు కుదిరాక మొత్తంగా జరుగుతూ, తన ముందున్న కొత్త మట్టిని కలుపుకుంటూ పోయింది. పర్వతశ్రేణీ ఇలాగే పెరుగుతుందని ఆవిడకు వేలితో చూపించాను. 2 కోట్ల ఏళ్లకు ముందే కదలడం మొదలుపెట్టిన సెంట్రల్ థ్రస్ట్ వెనక ఉండిపోగా, దాని దక్షిణాన బౌండరీ థ్రస్ట్, ఇంకా దక్షిణాన మోహండ్ దగ్గరి ఫ్రంటల్ థ్రస్ట్ వరుసగా పుట్టాయి. ఇప్పుడు చురుగ్గా ఉన్నది ఆ చివరిదే.

“అయితే ఏటా కొంచెం కొంచెం జరుగుతుందన్నమాట,” అన్నారావిడ. అలా జరిగితే బాగానే ఉండేది. లోతున ఫాల్ట్ ఎక్కువకాలం బిగుసుకుని ఉంటుంది. నూరేళ్లకు 2 మీటర్ల చొప్పున పేరుకున్న బాకీలో చాలాభాగం భూకంపాల్లోనే తీరుతుంది. మేము ఉదయం దాటివచ్చిన చమోలీ ప్రాంతంలో 1999 మార్చి 29న వచ్చిన భూకంపం సుమారు వందమందిని బలితీసుకుంది.

చీకటి పడ్డాక జోషీమఠ్ చేరాము. 2023 జనవరిలో ఇళ్లు బీటలు వారిన ఊరు ఇదే. పాత కొండచరియల శిథిలాల మీద కట్టిన ఊరని 1976లోనే ఒక ప్రభుత్వ కమిటీ హెచ్చరించింది. లాడ్జివాడు గది అద్దె ముందే కట్టమన్నాడు. బేరం ఆడకుండా కట్టేసి, సామాను లోపల పెట్టేముందు గోడలూ, పైకప్పూ టార్చితో చూసుకున్నాను.