పొగలోంచి జిప్సం: పీహెచ్ దగ్గరే అసలు తిప్పలు

బాయిలర్ పొగలోని సల్ఫర్ డయాక్సైడ్‌ను సున్నపురాయి స్లర్రీతో (నీళ్లలో కలిపిన రాతిపొడితో) కడిగి, అడుగు ట్యాంకులోకి గాలి ఊదితే జిప్సం వస్తుంది. లెక్క తేలికే: 64 కిలోల సల్ఫర్ డయాక్సైడ్‌కు 100 కిలోల స్వచ్ఛమైన రాయి, చేతికొచ్చేది 172 కిలోల జిప్సం. రాయిని మాత్రం 44 మైక్రాన్ల జల్లెడలో 90 శాతం దిగేలా నూరాలి.

స్లర్రీ పీహెచ్‌ను (ఆమ్ల, క్షార గుణాల కొలతను) 5కీ 6కీ మధ్య నిలపాలి. పెరిగితే కరగని రాయి జిప్సంలో మిగిలిపోతుంది, తగ్గితే వాయువు పట్టుబడదు. ఒక్కోసారి రాయి ఎంత పోసినా పీహెచ్ లేవదు. అప్పుడు ఇంకా పోయడం శుద్ధ దండగ! బూడిదతో వచ్చిన అల్యూమినియం, ఫ్లోరైడ్ కలిసి రాతి రేణువులకు పూతలా పట్టేసి ఉండొచ్చు; ముందు ఈఎస్‌పీని (పొగలోని బూడిదను విద్యుత్తుతో పట్టే యంత్రాన్ని) చూడండి. ఊదే గాలి చాలకపోతే జిప్సంగా మారని సల్ఫైట్ మిగిలి, దాని పలుచని స్ఫటికాలు జిప్సంలోని నీటిని వడగట్టే ఫిల్టర్ గుడ్డను మూసేస్తాయి. చివర్లో క్లోరైడ్ పోయేలా జిప్సంను మంచినీళ్లతో కడగకపోతే, దాంతో గోడ పలకలు చేసేటప్పుడు వాటిపై వేసే కాగితం సరిగా అంటుకోదు.